పొగ మాత్రమే కనిపించిన ఊరు

(ఆదివారం గ్రంథాలయ సమావేశంలో ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక వరస వాళ్లు చెయ్యెత్తండి. సరే, వినిపిస్తోంది.

నాలుగు నెలలు మా అమ్మాయి దగ్గర అమెరికాలో ఉండొచ్చాను కదా అని, అక్కడి విశేషాలు చెప్పమన్నారు. నయాగరా గురించో న్యూయార్క్ గురించో వినొచ్చని వచ్చినవాళ్లుంటే నన్ను క్షమించాలి. ఇవాళ నేను మాట్లాడేది ఒక పల్లెటూరి గురించి. గట్టిగా లెక్కపెడితే ఇరవై మంది కూడా లేరక్కడ. పేరు నికోడెమస్. కాన్సస్ రాష్ట్రం, గ్రాహం కౌంటీ.

ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పాను. అందులో అమెరికా పేపరు కూడా ఉండేది. అంతర్యుద్ధం, లింకన్, 1863 విమోచన ప్రకటన, 1865లో బానిసత్వ రద్దు, ఆ తరవాత పునర్నిర్మాణ యుగం, అది 1877లో ముగిసింది. అక్కడ చాక్‌పీస్ కింద పెట్టి, మర్నాడు 1929 ఆర్థిక మాంద్యం ఎత్తుకునేవాణ్ణి. విముక్తులైన ఆ నలభై లక్షల మంది తరవాత ఏం తిన్నారు, ఎక్కడ తల దాచుకున్నారు అని ఏ విద్యార్థీ అడగలేదు. వాళ్లడగలేదు గనక నేనూ చెప్పలేదు. చెప్పడానికి నాకూ తెలీదు లెండి.

ఇక పడమటి మైదానాలంటే మనందరికీ తెలిసింది సినిమానే. టోపీ, తుపాకీ, గుర్రం. 1970ల్లో మన తెలుగు హీరోలు కూడా ఆ టోపీలు పెట్టుకున్నారు. ఆ కౌబాయ్‌లలో దాదాపు నలుగురిలో ఒకడు నల్లవాడని చరిత్రకారుల అంచనా. తెర మీద మాత్రం ఒక్కడూ కనిపించడు. పొలం దున్నుకునే నల్ల రైతు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు.

మన సంగతీ చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని ఒక పేట ఉంది. ఆ స్టాపులో నేను ఎన్నిసార్లు బస్సు దిగానో! ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అని, నిజాం అశ్వదళంలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఉండేవారని, ఆ పేట వాళ్లదని నాకు రిటైరయ్యాక తెలిసింది. రోజూ నోట్లో నలిగే మాటకే అర్థం వెతుక్కోని మనకి కాన్సస్‌లో పల్లెటూరు ఎలా తెలుస్తుంది?

సరే, అసలు సంగతికి వస్తాను.

1877 అన్నాను కదా. ఆ ఏడాది ఢిల్లీ లాంటి వాళ్ల వాషింగ్టన్‌లో ఒక రాజీ కుదిరింది. దక్షిణాది రాష్ట్రాల్లో మిగిలి ఉన్న కేంద్ర సైన్యాన్ని అక్కడి రాజకీయాల్లోంచి వెనక్కి తీసుకున్నారు. పాత దొరలు మళ్లీ గద్దె మీదికొచ్చారు. నల్లవాళ్లు పేరుకి స్వతంత్రులే. కానీ భూమి లేదు. దొర పొలంలో పాలుకి చేస్తారు. విత్తనాలు అప్పు, ఎద్దు అప్పు, ఉప్పూ పిండీ దుకాణంలో ఖాతా. పత్తి తీశాక లెక్క చూస్తే ఎప్పుడూ రైతే బాకీ. చదువు రాదు గనక ఖాతాలో ఏం రాశారో తెలీదు. ఎదురు ప్రశ్నిస్తే రాత్రిపూట ముసుగులేసుకుని వచ్చి కొడతారు, చంపుతారు. దొర ఖాతా పుస్తకం అంటే ఏమిటో ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

అదే కాలంలో ఇంకో చట్టం అమల్లో ఉంది. 1862లో లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం. పడమట ప్రభుత్వ భూమిలో 160 ఎకరాలు ఎంచుకుని దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి కొద్దిపాటి రుసుం. అయిదేళ్లు అక్కడే ఇల్లు కట్టుకుని, కాపురముండి, దున్ని చూపిస్తే పట్టా ఇస్తారు. 1868లో పద్నాలుగో సవరణ వచ్చి నల్లవాళ్లు కూడా పౌరులేనని తేలాక, ఆ పట్టాకి వాళ్లూ అర్హులయ్యారు. చట్టంలో రంగు ప్రస్తావన లేదు. అమెరికా చట్టాల్లో అది అరుదే.

160 ఎకరాలు అనగానే ముందు వరసలో కళ్లు పెద్దవయ్యాయి! మన లెక్కలో అది జమీందారీ. కానీ ఆ నేల సంగతి వినండి. నికోడెమస్ దగ్గర ఏడాదికి పడే వాన దాదాపు మన అనంతపురంలో పడేంత. అనంతపురానికి సున్నా డిగ్రీల కింద చలి, మనిషి నిలబడలేనంత గాలి తగిలించండి. చెట్టనేది ఏటి ఒడ్డున తప్ప ఉండదు. అలాంటి చోట 160 ఎకరాలంటే ఒక కుటుంబానికి చాలీచాలని కమతం. వాషింగ్టన్‌లో కూర్చుని చట్టం రాసినవాళ్లకి ఈ సంగతి తట్టలేదు.

ఇప్పుడు ఊరు ఎలా పుట్టిందో చెబుతాను. 1877 ఏప్రిల్‌లో ఏడుగురు కలిసి నికోడెమస్ టౌన్ కంపెనీ పెట్టారు. ఆరుగురు నల్లవాళ్లు, ఒక తెల్లవాడు. అధ్యక్షుడు డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్ల పాస్టరు. తెల్లవాడి పేరు డబ్ల్యూ.ఆర్. హిల్, కోశాధికారి. ఈ హిల్‌ని మన భాషలో చెప్పాలంటే రియల్ ఎస్టేట్ మనిషి. పక్కన ఇప్పటి కౌంటీ ముఖ్యపట్టణం హిల్ సిటీ, ఆయన పేరున వెలిసిందే. కెంటకీ రాష్ట్రంలో నల్లవాళ్ల చర్చిలకి వెళ్లి, వేటకి కొదవ లేదు, అడవి గుర్రాలున్నాయి, పట్టి మచ్చిక చేసుకోవడమే అని చెప్పాడు. కరపత్రాలు వేశారు. అయిదు డాలర్లు కడితే కాన్సస్ ప్రయాణం అన్నారు. మన ఊళ్లలో ప్లాట్ల బ్రోచర్లు చూడండి, పక్కనే ఎయిర్‌పోర్ట్, ఎదురుగా ఐటీ పార్క్ అని వేస్తారే, అదే బాణీ.

1877 సెప్టెంబరులో కెంటకీ నుంచి మొదటి పెద్ద గుంపు వచ్చింది. దాదాపు మూడు వందల మంది. రైలు ఎల్లిస్ అనే స్టేషన్ వరకే. అక్కడి నుంచి ఊరు 35 మైళ్లు, అంటే 55 కిలోమీటర్ల పైనే. బండ్లు దొరికినవాళ్లు సామాను బండ్లలో వేశారు. మిగిలినవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని నడిచారు. వచ్చి చూస్తే ఊరే లేదు. గడ్డి. ఆకాశం. అంతే. కొందరు కోపంతో హిల్ మీదికి వెళ్లారని, అతను దాక్కోవాల్సి వచ్చిందని చెబుతారు. కొన్ని కుటుంబాలు వెంటనే వెనక్కి వెళ్లిపోయాయి. వెళ్లడానికి చేతిలో డబ్బుల్లేనివాళ్లూ, ఏమైనా సరే తిరిగి ఆ దొర ముఖం చూడం అనుకున్నవాళ్లూ ఉండిపోయారు.

మరుసటి ఏడు వసంతంలో ఇంకో గుంపు వచ్చింది. అందులో విలియానా హిక్‌మన్ అనే ఆవిడ ఉంది. భర్త పాస్టరు. ఎల్లిస్‌లో దిగేసరికి గుంపులో పిల్లలకి తట్టు పోసింది. కొందరు పిల్లలు అక్కడే పోయారు. ఆ దుఃఖంతోనే బండ్లు కట్టుకుని బయల్దేరారు. చివరికి ముందున్న మగవాళ్లు అదుగో నికోడెమస్ అని అరిచారు. ఈవిడకి ఒంట్లో బాగాలేకపోయినా లేచి చూసింది. ఎక్కడా ఇల్లు లేదు. ఎక్కడ అని అడిగితే, భర్త నేలలోంచి లేస్తున్న పొగ చూపించాడు. ఊరంటే అదేనట. మనుషులు నేల కింద ఉన్నారు. ఆవిడ ఏడ్చేసింది. ఈ సంగతంతా ఆవిడే ముసలితనంలో, 1930ల్లో చెప్పింది.

ఆ నేలలోని ఇంటిని డగౌట్ అంటారు. కాస్త వాలు ఉన్న చోట, కుందేలు బొరియ చేసినట్టు, ఏటవాలు లోపలికి గుంట తవ్వుతారు. మనిషి నిలబడేంత లోతు. మూడు వైపులా నేలే గోడ. పైన ఏటి ఒడ్డున దొరికిన కొయ్యలు అడ్డంగా వేసి, వాటి మీద చువ్వలు, వాటి మీద గడ్డి. ఆ పైన అసలు కప్పు, అంటే గడ్డి వేళ్లతో సహా కోసిన మట్టి పెళ్లలు. ఆ మైదానం గడ్డి వేళ్లు ఎంత గట్టివంటే, పెళ్ల ఇటుకలా నిలబడుతుంది. ముందు వైపు ఒక తలుపు, వీలైతే ఒక కిటికీ. పొయ్యి గొట్టం కప్పులోంచి పైకి. విలియానా చూసింది ఆ గొట్టాల పొగే. వాన పడితే రెండు రోజులు బయట కురుస్తుంది, మూడు రోజులు లోపల కారుతుంది. కప్పులోంచి పాములు రాలి పడేవి. వేసవిలో చల్లన, శీతాకాలంలో వెచ్చన, అదొక్కటే సుఖం.

కట్టెలు లేవు కదా, పొయ్యిలోకి ఏమిటి? ఎండిన పేడ, పొద్దుతిరుగుడు కాడలు. మా ఆవిడ ఇది విని, పిడకలా, అయితే మనలాగే అంది. నాగళ్లు తక్కువ, గుర్రాలు ఇంకా తక్కువ. పారలతో, గునపాలతో ఆ వేళ్ల నేల తిరగేశారు. మగవాళ్లు రైలు పనికి, దూరపు ఊళ్లలో కూలికి నడిచి వెళ్లి డబ్బు పంపేవారు. ఆడవాళ్లు పిల్లలతో ఆ గుంటల్లో ఉండి, హోమ్‌స్టెడ్ చట్టం అడిగిన కాపురం నిలబెట్టారు. ఎవరూ ఉండకపోతే పట్టా పోతుంది మరి. నన్నడిగితే పట్టా సగానికి సగం ఆ ఆడవాళ్ల పేరున రాయాల్సింది.

మొదటి చలికాలం తిండి అయిపోయింది. అప్పుడు వేట ముగించుకుని వెళ్తున్న ఓసేజ్ తెగ వాళ్లు మాంసం పంచి ఇచ్చారని నికోడెమస్ వంశస్థులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఖాళీ భూమి, ప్రభుత్వ భూమి అంటున్నాం. అది ఖాళీ ఎలా అయింది? కాన్సస్ అనే పేరే కాన్సా అనే తెగ నుంచి వచ్చింది. ఆ తెగని 1873లో ఓక్లహోమా వైపు తోలేశారు. ఓసేజ్ వాళ్లని అంతకు కొంచెం ముందే పంపేశారు. అంటే ఉన్న నేల పోగొట్టుకున్నవాళ్లు, ఎన్నడూ నేల లేనివాళ్లకి మాంసం పెట్టారు. దీని మీద ఏమనాలో నాకు తెలీదు. నల్లవాళ్లు ఆ అన్యాయం చెయ్యలేదు, కానీ ఆ అన్యాయం మీదే వాళ్లకి పట్టా వచ్చింది. రెండూ నిజమే.

పట్టా అన్నాను, ఇప్పుడు ఆ కాగితం చూద్దాం. నన్ను ఈ మొత్తం కథలో బాగా పట్టుకున్నది ఇదే. అయిదేళ్లయ్యాక భూమి ఆఫీసులో రుజువు ఇవ్వాలి. దాన్ని వాళ్లు ప్రూవింగ్ అప్ అంటారు. ఒక ప్రశ్నల పత్రం ఉంటుంది. ఇల్లు ఎంత పొడవు, ఎంత వెడల్పు? తలుపులెన్ని, కిటికీలెన్ని? బావి తవ్వావా? ఎన్ని ఎకరాలు దున్నావు? ఏం వేశావు? నీ కుటుంబంలో ఎంతమంది? ఎన్నాళ్లు ఊరు వదిలి వెళ్లావు, ఎందుకు? దానికి తోడు ఇద్దరు సాక్షులు రావాలి, మేం చూశాం, ఇతను ఇక్కడే ఉంటున్నాడు అని ప్రమాణం చెయ్యాలి. చదువు రానివాళ్లు సంతకం దగ్గర ఇంటూ మార్కు పెడతారు. మన నిశానీ లాంటిదే.

ఇప్పుడు ఆ సాక్షుల గురించి ఆలోచించండి. వీళ్లు వచ్చిన కెంటకీలో 1872 దాకా తెల్లవాడికి వ్యతిరేకంగా నల్లవాడి సాక్ష్యం రాష్ట్ర కోర్టులో చెల్లేది కాదు. కళ్ల ముందు కొడుకుని చంపినా తల్లి బోనెక్కి ఇతనే చంపాడు అని చెప్పడానికి లేదు. అలాంటి మనిషి పదేళ్లు తిరిగేసరికి కాన్సస్‌లో ఒక ప్రభుత్వ గుమస్తా ముందు నిలబడి, అవునండీ, అతని ఇల్లు నేను చూశాను, ఇన్ని ఎకరాలు దున్నాడు అంటే, ఆ మాట మీద అమెరికా ప్రభుత్వం 160 ఎకరాలు రాసిచ్చింది. పక్కింటివాడి మాట మీద ఇతనికి, ఇతని మాట మీద పక్కింటివాడికి. ఇలాంటి కాగితాలు వాషింగ్టన్‌లోని జాతీయ ఆర్కైవ్స్‌లో కట్టలు కట్టలున్నాయి. మనం మాత్రం ఈ జనాన్ని దక్షిణాది నుంచి పారిపోయినవాళ్లు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. పారిపోయేవాడు కిటికీలు లెక్కపెట్టించుకుంటాడా? వీళ్లు పట్టా కోసం వచ్చినవాళ్లు.

ఊరు ఎదిగింది. జకరీ ఫ్లెచర్ అనే ఆయన మొదటి పోస్ట్‌మాస్టర్. హోటలు పెట్టాడు, గుర్రాల శాల పెట్టాడు. ఆయన భార్య జెన్నీ నేలలోని ఇంట్లోనే పిల్లలకి బడి మొదలుపెట్టింది. ఆ బడికి తరవాత వచ్చిన పేరు స్కూల్ డిస్ట్రిక్ట్ నంబర్ వన్. తెల్ల కుటుంబాలు కూడా ఉన్న కౌంటీలో ఒకటో నంబరు నికోడెమస్‌దే. 1886, 87 నాటికి ఊళ్లో రెండు వారపత్రికలు, బ్యాంకు, దుకాణాలు, రెండు మూడు చర్చిలు, బేస్‌బాల్ జట్టు. పదేళ్ల కిందట పొగ గొట్టాలు మాత్రమే ఉన్న చోట రెండు పత్రికలు! ఒకదాని పేరు వెస్టర్న్ సైక్లోన్. ఆ గాలి గురించి విన్నాక పేరు సరిగ్గానే పెట్టారనిపించింది.

ఈ ఊరు నుంచే ఎడ్వర్డ్ మెక్‌కేబ్ అనే యువకుడు పైకొచ్చాడు. 1882లో కాన్సస్ రాష్ట్ర ఆడిటర్‌గా గెలిచాడు, 1884లో మళ్లీ గెలిచాడు. రాష్ట్రం మొత్తం ఓట్లు వేసే పదవి. ఓటర్లలో అత్యధికులు తెల్లవాళ్లు. దక్షిణాదిలో నల్లవాడు ఓటు పెట్టె దగ్గరికి వెళ్తే తుపాకీ చూపిస్తున్న రోజులవి.

1879లో వచ్చిన పెద్ద వలసనీ దీన్నీ కలిపి రాసేస్తుంటారు, అది వేరు. మిసిసిపీ, లూసియానాల నుంచి ఆ వసంతంలో వేలమంది ఒక్కసారిగా నది ఒడ్డుకి వచ్చి స్టీమర్ల కోసం కూర్చున్నారు. బైబిల్లో ఈజిప్టు నుంచి బయటపడ్డవాళ్లతో పోల్చి ఎక్సోడస్టర్లు అన్నారు. చాలా పడవలు ఆపకుండా వెళ్లిపోయేవి. చేతిలో చిల్లిగవ్వ లేకుండా సెయింట్ లూయిస్ చేరితే అక్కడి నల్లవాళ్ల చర్చిలు అన్నం పెట్టాయి. జాన్ బ్రౌన్ బానిసత్వం మీద కత్తి దూసిన నేల అని కాన్సస్ మీద వాళ్లకి గురి. ఆ రాష్ట్రంలో నల్లవాళ్లు 1870లో 17 వేలు, 1880కి 43 వేలు. నేషవిల్‌లో శవపేటికలు చేసే వడ్రంగి, పాప్ సింగిల్‌టన్ అనే ముసలాయన, ఈ వలసకి తండ్రిని నేనే అని చెప్పుకున్నాడు. అంత నిజం కాదు గానీ, అసలు లేనిదీ కాదు.

ఈ వలసని గట్టిగా వ్యతిరేకించిన పెద్దమనిషి ఎవరో తెలుసా? ఫ్రెడరిక్ డగ్లస్. బానిసగా పుట్టి, పారిపోయి వచ్చి, నల్లవాళ్లకి తిరుగులేని నాయకుడైన మనిషి. మన సంఖ్యా బలం దక్షిణాదిలో ఉంది, అక్కడ ఓటు వదిలేసి వెళ్తే పోరాటం ఓడినట్టే అన్నాడు. వాదనగా అందులో పస ఉంది. కానీ ఆయన వాషింగ్టన్‌లో ఉండి అన్నాడు. మిసిసిపీలో రాత్రి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే మనిషి ఆ వాదన వింటూ కూర్చోలేడు. నేను ఆ రోజుల్లో డిగ్రీ మాస్టారుగా ఉంటే డగ్లస్ వైపే మాట్లాడేవాణ్ణేమో. ఇప్పుడు మాట్లాడను.

ఇక నికోడెమస్ ఎందుకు ఎండిపోయిందో చెప్పాలి. కరువు ఒక కారణం. కానీ అసలు దెబ్బ రైలు. మైదానాల్లో రైలు వచ్చిన ఊరు పట్నం అవుతుంది, రానిది పాడవుతుంది. 1887లో ఊరంతా ఓట్లు వేసి, మిసోరీ పసిఫిక్ కంపెనీని రప్పించడానికి 16 వేల డాలర్ల బాండ్లకి ఒప్పుకున్నారు. నేలలోని ఇళ్లలోంచి బయటికొచ్చి పదేళ్లు కాలేదు, 16 వేల డాలర్లు! బేరం కుదరలేదు. 1888లో యూనియన్ పసిఫిక్ లైను వేసింది, కానీ సాలమన్ నదికి అవతల, కొన్ని మైళ్ల దూరంలో. అక్కడ బోగ్ అనే కొత్త ఊరు లేచింది. నికోడెమస్ దుకాణాలు ఒక్కొక్కటే అక్కడికి పోయాయి. అక్కడ ఇళ్లు చెక్కవి కదా, కొందరు ఇల్లు ఇల్లుగా చక్రాల మీద లాక్కుపోయారు. మన హైవేకి బైపాస్ పడ్డాక పాత రోడ్డు మీద టీ హోటళ్లు ఎలా మూతపడ్డాయో మీరు చూశారు, అది తలుచుకోండి. 1930ల ధూళి తుఫాన్లు మరికొందర్ని తరిమాయి. 1953లో పోస్టాఫీసు మూశారు.

ఈ ఒక్క ఊరే కాదు. పరిశోధకుల అంచనా ప్రకారం మైదాన రాష్ట్రాల్లో సుమారు 3,500 మంది నల్లవాళ్లు హోమ్‌స్టెడ్ పట్టాలు సాధించారు. దేశం మొత్తమ్మీద ఆ చట్టం కింద వచ్చిన పట్టాలు 16 లక్షలు. వాటి పక్కన 3,500 తక్కువే. ఎందుకు తక్కువ అన్నది కూడా చరిత్రే. పడమటి తీరంలో ఆరెగన్ చూడండి. అక్కడ 1844 నుంచీ నల్లవాళ్లు కాపురముండకూడదని చట్టాలు చేశారు. జార్జ్ బుష్ అనే నల్ల రైతు తెల్ల స్నేహితులతో అంత దూరం బండి కట్టుకొచ్చి, ఆ చట్టం చూసి కొలంబియా నది దాటి ఇప్పటి వాషింగ్టన్ రాష్ట్రంలోకి వెళ్లి దున్నుకున్నాడు. కరువులో పక్కవాళ్లకి ధాన్యం ఇచ్చాడు. ఆయన భూమి ఆయనకి దక్కడానికి 1855లో అమెరికా కాంగ్రెస్ ఒక్క మనిషి కోసం ప్రత్యేక చట్టం చెయ్యాల్సి వచ్చింది.

కెనడా సంగతి ఇంకా బాగుంటుంది. 1907లో ఓక్లహోమా రాష్ట్రమైంది. ఆ శాసనసభ చేసిన మొట్టమొదటి చట్టం రైలు పెట్టెల్లో నల్లవాళ్లని వేరుగా కూర్చోబెట్టడం. దాంతో వెయ్యి మంది పైచిలుకు ఉత్తరానికి, కెనడా మైదానాలకి వెళ్లారు. ఆల్బర్టాలో ఆంబర్ వ్యాలీ అనే ఊరు అలా వెలిసిందే. వీళ్లు రావడం చూసి 1911 ఆగస్టులో కెనడా మంత్రివర్గం ఏడాది పాటు నల్లజాతి వలసని నిషేధిస్తూ ఉత్తర్వు తయారు చేసింది. కారణం ఏం రాశారో తెలుసా? ఈ జాతికి మా వాతావరణం పడదట! నేలలోని గుంటల్లో పిడకల మంట మీద చలికాలాలు గడిపిన జాతికి చలి పడదు! ఆ ఉత్తర్వు అమలు కాలేదు, అక్టోబరులో రద్దు చేశారు. కానీ అమలు చెయ్యకుండానే ఏజెంట్లని పంపి రావద్దని చెప్పించి పని కానిచ్చారు.

మేం వెళ్లిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను, ఇప్పటికే అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

మా అమ్మాయి వాళ్లుండేది కాన్సస్ సిటీ పక్కన. అక్కడ మనవాళ్లు చాలామంది. నేను పుస్తకాల్లో ఈ ఊరి గురించి చదివి, తీసుకెళ్లమని అల్లుడిని ఒక నెల సతాయించాను. నాలుగున్నర గంటలు డ్రైవింగ్. 24వ నంబరు హైవే మీద రెండు పక్కలా గోధుమ, ఎటు చూసినా ఒకటే చదును. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మనవరాలు వెనక సీట్లోంచి ఊరెక్కడ తాతయ్యా, ఊరెక్కడ అని ప్రాణం తీస్తోంది. అల్లుడు, మామయ్య గారూ, దాటిపోయామేమో అన్నాడు. నిజంగానే దాటిపోయాం. వెనక్కి తిప్పుకుని వచ్చాం.

రాతితో కట్టిన టౌన్‌షిప్ హాలు ఒకటి, పాత బాప్టిస్టు చర్చి, మెథడిస్టు చర్చి, ఫ్లెచర్ల హోటలు, బడి. ఈ అయిదు భవనాలు కలిపి 1996 నుంచి జాతీయ చారిత్రక స్థలం. అంతర్యుద్ధం తరవాతి పునర్నిర్మాణ యుగంలో పడమట నల్లవాళ్లు కట్టుకున్న ఊళ్లలో ఇప్పటికీ మిగిలింది ఇదొక్కటే. ఈ ఊరి పిల్లాడే వెరిల్ స్విట్జర్, 1954లో గ్రీన్ బే పాకర్స్ అనే పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆడాడు. ఏటా జూలై ఆఖరి వారాంతంలో అమెరికా నలుమూలల నుంచీ వంశస్థులు వందలమంది వచ్చి చేరతారట. జాతర అనుకోండి. మేం వెళ్లింది వేరే రోజు. గాలి తప్ప ఎవరూ లేరు. చర్చి అరుగు మీద కూర్చుని మా ఆవిడ పులిహోర డబ్బా తీసింది. ఊరి చివర ఒక పెద్దాయన ట్రాక్టరు ఆపి చెయ్యూపాడు. ఆయన ఎవరో, ఎవరి మనవడో అడగాలనిపించింది గానీ మొహమాటపడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు ఎల్లిస్ మీదుగా వెళ్దామని పట్టుబట్టాను. వాళ్లు నడిచిన దూరం ఎంతో చూడాలని. చుట్టు తిరిగి వెళ్లినా గంట పట్టలేదు. మనవరాలు నిద్రపోయింది.

మీ పిల్లలు కాన్సస్ సిటీలో ఉంటే, సెలవులకి డెన్వర్ కొండలు చూడటానికి ఐ-70 మీదే వెళ్తారు. హేస్ దగ్గర దిగి ఉత్తరానికి స్టాక్‌టన్ వెళ్లి, అక్కడ పడమటికి తిరగమనండి. ట్యాంకు నింపుకోమనండి, దారిలో బంకులు తక్కువ. టౌన్‌షిప్ హాలు ఏ రోజుల్లో తెరుస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే మంచిది. ఆ, టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే తాగుతూ అడగండి.